పురుషాంగ క్యాన్సర్‌కు కీమో మందులు: పరిశోధన తేల్చిందేమిటి, ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం జిల్లాల తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిందేమిటి

తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎలాంటి జబ్బు? ఎవరికి వస్తుంది?

పురుషాంగం చివర, ముందోలు లోపల మానని పుండుగానో, కాలీఫ్లవర్ పువ్వులా పెరిగే కండగానో మొదలవుతుంది. వందలో తొంభై ఐదు వంతులు ఇది స్క్వామస్ కణాల (చర్మం పైపొర కణాల) క్యాన్సరే. ముందోలు వెనక్కి రాకపోవడం, దాని కింద మడ్డి పేరుకోవడం, హెచ్‌పీవీ వైరస్ (ముఖ్యంగా 16వ రకం), బీడీ, చుట్ట, ఖైనీ, గుడాకు లాంటి పొగాకు అలవాట్లు, ఆ చోట చర్మం తెల్లబడి బిగుసుకుపోయే లైకెన్ స్క్లెరోసస్, హెచ్ఐవీ దీనికి కారణాలు. సగటున సగం కేసుల్లో హెచ్‌పీవీ కనిపిస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు, తప్పుడు నడతకు శిక్షా కాదు. ఆ అనుమానంతోనే చాలామంది ఇంట్లో చెప్పుకోలేక నెలల తరబడి పసర్లు, పౌడర్లు రాసుకుంటూ కూర్చుంటారు. జబ్బు గజ్జల్లోకి దిగేది ఆ నెలల్లోనే.

పుండు ఉంది, గజ్జల్లో ఏమీ లేదు. కీమో ఎక్కించాలా?

మామూలుగా అక్కర్లేదు. చిన్న పుండుకు ఆపరేషనే వైద్యం. కుదిరితే అంగాన్ని చాలావరకు మిగిల్చే ఆపరేషన్ చేస్తారు, కొందరికి రేడియేషన్ ఇస్తారు.

బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) క్యాన్సర్ ఇంకా పైపొరలోనే ఉందని తేలితే మాత్రం కీమో మందునే పూతగా వాడతారు. అది 5 శాతం ఫ్లోరోయురాసిల్ క్రీము. ఎక్కువగా పాటించే పద్ధతిలో రోజు విడిచి రోజు పలచగా రాసి, 12 గంటలు ఉంచి కడిగేయాలి. ఇలా 28 రోజులు. వారం పది రోజుల్లో ఆ చోటు ఎర్రబడి, మండి, పొక్కిపోతుంది. అది మందు పని చేస్తున్న గుర్తే. రాసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. మందు వృషణాల సంచికి తగిలితే అక్కడా పుళ్లు పడతాయి. నయమైందో లేదో కంటితో చూసి చెప్పడం కుదరదు. మంట తగ్గాక మళ్లీ బయాప్సీ చేసి తేల్చాలి. పూత ముగించిన వాళ్లు చాలామంది ఈ బయాప్సీకి రారు, తిరగబెట్టాక వస్తారు.

అయితే సెలైన్‌లో ఎక్కించే కీమో ఎవరికి?

గజ్జల్లో బిళ్లలు వచ్చినవాళ్లకి. అందులోనూ బిళ్ల 4 సెంటీమీటర్లు దాటినా, కదలకుండా అతుక్కుపోయినా, రెండు పక్కలా వచ్చినా, పొత్తికడుపు లోపలి గ్రంథుల దాకా పాకినా. ఈ జబ్బులో మనిషి బతుకు ఆధారపడేది పుండు సైజు మీద కాదు, గజ్జల మీద. ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకితే కూడా కీమో ఇస్తారు. కానీ అప్పుడు కోరుకునేది కొంత కాలం, కొంత ఉపశమనం.

గజ్జలో బిళ్ల తగలగానే సూదితో కణాలు తీసి చూసే పరీక్ష చేయించాలి. 'పుండు వల్ల చీము బిళ్ల అయ్యుండొచ్చు, ఆరు వారాలు యాంటీబయాటిక్ వాడి చూద్దాం' అనేది పాత పద్ధతి. ఇప్పటి మార్గదర్శకాలు దాన్ని వదిలేశాయి.

డాక్టరు చీటీలో 'టిప్' అని రాశారు. అంటే ఏమిటి?

మూడు మందుల కలయిక: పాక్లిటాక్సెల్, ఐఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్. ఆపరేషన్‌కి ముందు ఇవ్వడానికి ఇవాళ ముందు వరుసలో ఉన్నది ఇదే. మోతాదు ఒంటి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. చదరపు మీటరుకు పాక్లిటాక్సెల్ 175 మి.గ్రా. మొదటి రోజు, ఐఫాస్ఫమైడ్ 1200 మి.గ్రా. మూడు రోజులూ, సిస్‌ప్లాటిన్ 25 మి.గ్రా. మూడు రోజులూ. మూడు నాలుగు వారాలకోసారి, మొత్తం నాలుగు సార్లు.

వైశాల్యం లెక్క కష్టమేమీ కాదు. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో వేసి గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. 160 సెంటీమీటర్లు, 50 కిలోల మనిషికి 1.49 చదరపు మీటర్లు వస్తుంది. అంటే పాక్లిటాక్సెల్ దాదాపు 260 మి.గ్రా., ఐఫాస్ఫమైడ్ రోజుకి దాదాపు 1790 మి.గ్రా., సిస్‌ప్లాటిన్ రోజుకి 37 మి.గ్రా. ప్రతి విడతకీ బరువు మళ్లీ తూయమని అడగండి. మొదటి విడతకీ మూడో విడతకీ మధ్య ఐదారు కిలోలు తగ్గిన మనిషికి పాత బరువు లెక్కనే మందు పడితే అది ఎక్కువ మోతాదే.

మా నాన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులో నార్మల్ అనే ఉంది. అయినా సిస్‌ప్లాటిన్ వద్దంటున్నారు. ఎందుకు?

మన వైపు ఈ ప్రశ్న తరచూ వస్తుంది, ఎందుకంటే రోగులు బక్కపలచటి మనుషులు. కండ తక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది. అందుకని కిడ్నీ సగం పడిపోయినా రిపోర్టు బాగానే కనిపిస్తుంది. కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతుందో లెక్క ఇలా వేస్తారు: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 రెట్లు క్రియాటినిన్‌తో భాగించాలి. 58 ఏళ్లు, 50 కిలోలు, క్రియాటినిన్ 1.2 అనుకుందాం. 82ని 50తో గుణిస్తే 4100. దాన్ని 86.4తో భాగిస్తే 47. సిస్‌ప్లాటిన్ పూర్తి మోతాదుకు సాధారణంగా నిమిషానికి 60 మిల్లీలీటర్లు ఉండాలంటారు. అంటే 1.2 అనే 'నార్మల్' అంకె వెనక సరిపోని కిడ్నీ దాగి ఉంది.

అప్పుడు ముందు కారణం వెతకాలి. నీళ్లు తక్కువ తాగడమా, మూత్రానికి అడ్డమా, నెలల తరబడి మింగిన నొప్పి మాత్రలా? గజ్జ నొప్పికి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ మింగుతున్న మనిషికి అవి ఆపి, సెలైన్ ఎక్కిస్తే కొన్నిసార్లు అంకె బాగుపడుతుంది. పడకపోతే సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్‌ని పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇస్తారు. ఈ జబ్బులో దానికి సిస్‌ప్లాటిన్‌కి ఉన్నంత రుజువు లేదు. అయినా కిడ్నీ పోగొట్టుకోవడం కంటే అదే మేలు.

ఎక్కించే గదిలో ఏం జరుగుతుంది? పక్కన కూర్చున్నవాళ్లు ఏం గమనించాలి?

ముందు పరీక్షలు చూస్తారు. న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 1500 పైన, ప్లేట్‌లెట్లు లక్ష పైన ఉండాలి. మొదటి విడతకి ముందు హెపటైటిస్-బి, హెచ్ఐవీ పరీక్షలు కచ్చితంగా అయి ఉండాలి. హెపటైటిస్-బి ఉన్నట్టు తెలియకుండా కీమో ఇస్తే వైరస్ తిరగబెట్టి కాలేయం దెబ్బతింటుంది.

పాక్లిటాక్సెల్‌కి ముందు డెక్సామెథసోన్, అలర్జీ రాకుండా సూదులు పడతాయి. మామూలు సెలైన్ గొట్టం దీనికి పనికిరాదు. మందులోని నూనె లాంటి ద్రావకం పీవీసీ ప్లాస్టిక్‌లోని రసాయనాన్ని లాగేస్తుంది. అందుకే పీవీసీ లేని సెట్టు, మధ్యలో సన్నటి ఫిల్టరు పెడతారు. మందు 3 గంటలు ఎక్కుతుంది. అలర్జీ వస్తే చాలావరకు మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది: మొహం ఎర్రబడటం, ఛాతీ పట్టేసినట్టుండటం, దగ్గు, నడుము నొప్పి. ఆ పది నిమిషాలు రోగిని వదిలి టీకి వెళ్లొద్దు. ఏమాత్రం తేడా కనిపించినా నర్సును పిలవండి.

వరుస కూడా ముఖ్యం. పాక్లిటాక్సెల్ ముందు, సిస్‌ప్లాటిన్ తర్వాత. తిరగేస్తే పాక్లిటాక్సెల్ ఒంట్లోంచి బయటికి పోవడం దాదాపు మూడో వంతు తగ్గి, తెల్లకణాలు మరీ పడిపోతాయి. సిస్‌ప్లాటిన్‌ను ఉప్పు సెలైన్‌లోనే కలపాలి. ఒట్టి గ్లూకోజ్ నీళ్లలో అది విడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టి అడుగున పేరుతుంది. దానికి ముందూ వెనకా పొటాషియం, మెగ్నీషియం కలిపిన సెలైన్లు పడతాయి, మొత్తం రోజుకి రెండు మూడు లీటర్లు. మూత్రం గంటకి సుమారు 100 మిల్లీలీటర్లు రావాలి. ఒక కొలత సీసా పెట్టుకుని కాగితం మీద రాస్తూ ఉంటే డాక్టరుకి అంతకంటే పనికొచ్చే సాయం లేదు.

ఐఫాస్ఫమైడ్‌తో మెస్నా తప్పనిసరి. ఐఫాస్ఫమైడ్ విరిగి వచ్చే పదార్థం మూత్రాశయం పొరను కాల్చేస్తుంది, మెస్నా దాన్ని పట్టి చంపేస్తుంది. ఎక్కువ చోట్ల పాటించే లెక్క ఐఫాస్ఫమైడ్ తూకంలో 20 శాతం చొప్పున మూడు సార్లు, అంటే మందుతో పాటు, నాలుగు గంటలకి, ఎనిమిది గంటలకి. పై ఉదాహరణలో ఒక్కోసారి దాదాపు 360 మి.గ్రా. ఎక్కువగా తప్పిపోయేది ఆ ఎనిమిది గంటల మోతాదే, ఎందుకంటే అప్పటికి డ్యూటీ మారుతుంది. మూత్రం ఎర్రగా వస్తే వెంటనే చెప్పాలి.

రోగి మాట తడబడినా, పగలంతా మగతగా ఉన్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా అది నీరసం కాదు. ఐఫాస్ఫమైడ్ మెదడు మీద పని చేస్తోందన్నమాట. అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) తక్కువున్నవాళ్లకి, కిడ్నీ బాగా లేనివాళ్లకి ఇది ఎక్కువ. మందు ఆపాలి. దీనికి కొన్నిచోట్ల మెథిలీన్ బ్లూ ఇస్తారు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకి అది ఎర్రకణాలను పగలగొడుతుంది. కొరాపుట్, రాయగడ ప్రాంతంలో ఆ లోపం ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి కీమోకి ముందే ఆ పరీక్ష కూడా చేయించేస్తే మంచిది.

ఇదే కంగారు, దాహం, మలబద్ధకంతో కలిసి వస్తే రక్తంలో కాల్షియం చూడమనండి. ముదిరిన పురుషాంగ క్యాన్సర్‌లో కాల్షియం పెరగడం అరుదేమీ కాదు. సెలైన్‌తో, జోలెడ్రోనిక్ ఆసిడ్‌తో తగ్గుతుంది.

ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు జ్వరం. మలేరియా అనుకోవచ్చా?

అనుకోవచ్చు, కానీ అనుకుని ఆగకూడదు. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు అడుగుకి పడతాయి. ఆ రోజుల్లో 100.4 ఫారెన్‌హీట్ జ్వరం గంటసేపు నిలిచినా, ఒక్కసారి 101 దాటినా అది అత్యవసరం. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. మలేరియా పరీక్ష కూడా అప్పుడే చేయించండి, మన జిల్లాల్లో అది వదలకూడదు. కానీ దాని ఫలితం కోసం యాంటీబయాటిక్‌ని ఆపొద్దు. రెండూ ఒకేసారి ఉండొచ్చు కూడా. పారాసెటమాల్ వేసుకుని తెల్లారాక చూద్దామనుకుంటే రాత్రికి రాత్రే బీపీ పడిపోతుంది. కాబట్టి గుణుపురం నుంచో, మోహన నుంచో రాత్రి బయల్దేరడానికి బండి ఎవరిదో, నంబరు ఏమిటో కీమో మొదలవకముందే మాట్లాడి పెట్టుకోవాలి.

తెల్లకణాలు పెరగడానికి ఫిల్‌గ్రాస్టిమ్ సూదులు ఇస్తారు. కీమో ముగిసిన 24 గంటల తర్వాతే మొదలుపెట్టాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి ఈ సూది ప్రమాదకరమైన నొప్పుల దాడిని తేగలదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే మొదటి రోజే చెప్పండి.

ఊళ్లో డాక్టరు నొప్పికి డైక్లో సూది వేస్తానంటున్నాడు.

వద్దు. సిస్‌ప్లాటిన్ పడుతున్న కిడ్నీ మీద అది రెండో దెబ్బ. నొప్పికి పారాసెటమాల్, ట్రమడాల్, అవసరమైతే మార్ఫిన్ ఉన్నాయి. మార్ఫిన్ పేరు విని భయపడొద్దు. దాంతో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మాత్రం కలిపి రాయించుకోండి.

ఇంట్లో ఏం తినాలి? పుండు వాసన వస్తోంది, ఏం చేయాలి?

రోజుకి రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు, మజ్జిగ, గంజి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. వాంతులు రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా కూడా వస్తాయి. ఇచ్చిన మాత్రలు వాంతి రాకముందే వేసుకోవాలి. గుడ్డు, పప్పు, చేప తినొచ్చు. పథ్యం పేరుతో చారన్నం ఒక్కటే పెట్టడం వల్ల అల్బుమిన్ పడిపోయి, తర్వాతి విడత వాయిదా పడుతుంది. పచ్చికూరలు, కోసి పెట్టిన పళ్లు ఆ రెండు వారాలు మానేయాలి.

పుండును ఉప్పు నీళ్లతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి చల్లి, పైన పలచటి కట్టు గుడ్డ (గాజ్) కడితే వాసన బాగా తగ్గుతుంది. గజ్జలో పగిలిన గడ్డ ఉంటే ఒక సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. దాని కిందే తొడకి వెళ్లే పెద్ద రక్తనాళం ఉంటుంది. ఒక్కసారిగా రక్తం చిమ్మితే మడత పెట్టిన గుడ్డతో అరచేయి మోపి గట్టిగా అదిమి, చేయి తీయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాలుగు విడతలకి గజ్జ బిళ్ల కరిగిపోయింది. ఇంకా ఆపరేషన్ ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే వీలుంటే ఇది చదవండి.

ఈ జబ్బును కీమో ఒక్కటే నయం చేయదు. 2010లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ సంస్థ ప్రచురించిన టిప్ పరిశోధనలో 30 మంది ఉన్నారు. అందరికీ గజ్జల్లో ముదిరిన జబ్బే, ఒంట్లో ఇంకెక్కడికీ పాకలేదు. సగం మందికి, అంటే 15 మందికి గడ్డలు తగ్గాయి. 22 మంది ఆపరేషన్ దాకా వెళ్లారు. తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని కింద చూస్తే క్యాన్సర్ పూర్తిగా మాయమైంది ముగ్గురికే. తొమ్మిది మంది జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నారు.

ఆ అంకెలు రెండు మాటలు చెబుతున్నాయి. చేతికి తగలని బిళ్లలో కూడా చాలాసార్లు బతికున్న క్యాన్సర్ కణాలు ఉంటాయి. తగ్గినప్పుడే కోసి తీసేయడానికి వీలవుతుంది. కీమో ఆపాక ఆ వీలు ఎక్కువ కాలం ఉండదు. మళ్లీ పెరిగితే అదే మందు అంతగా పని చేయదు. చివరి విడత అయ్యాక రక్తకణాలు కోలుకోగానే, కొన్ని వారాల్లోనే ఆపరేషన్ జరగాలి. 'ఒళ్లు కుదుటపడ్డాక చూద్దాం, కోతలయ్యాక వస్తాం' అని ఇంటికెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి గడ్డ రక్తనాళాన్ని పట్టుకుని ఉంటుంది. అందుకే మొదటి విడత రోజునే ఆపరేషన్ ఎక్కడ, ఎవరు, ఏ నెలలో అని అడిగి రాయించుకోండి. రెండు విడతలకి తగ్గకపోయినా, పెరుగుతున్నా, మిగతా రెండూ పూర్తి చేద్దామని ఆగొద్దు. అప్పుడే సర్జన్‌కి చూపించాలి.

ఇంత తక్కువ మంది మీద చేసిన పరిశోధనను నమ్మొచ్చా?

పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు మగవాళ్ల క్యాన్సర్లలో ఒక శాతం కంటే తక్కువ. అందుకే వందల మందితో పరీక్షలు చేయడం కష్టమైంది. ఉన్నవన్నీ చిన్నవే. 2020లో పది అధ్యయనాలను, 182 మందిని కలిపి చూసిన విశ్లేషణలో కూడా దాదాపు సగం మందికి గడ్డలు తగ్గాయి, 16 శాతం మందికి క్యాన్సర్ పూర్తిగా మాయమైంది. వేరువేరు చోట్ల చేసినా అంకెలు దగ్గర దగ్గరగా రావడం కొంత నమ్మకాన్నిస్తుంది. అయితే ఆపరేషన్‌కి ముందు కీమో ఇస్తే నేరుగా ఆపరేషన్ చేయడం కంటే ఎక్కువ మంది బతుకుతారా అన్నది చీటీ వేసి పంచినట్టు రోగులను విడదీసి చూస్తేనే తేలుతుంది. 2017లో మొదలైన ఇన్‌ప్యాక్ట్ అనే అంతర్జాతీయ పరీక్ష ఆ పని కోసమే. అందులో ఒక గుంపుకి నేరుగా ఆపరేషన్, ఒక గుంపుకి ముందు టిప్, మరో గుంపుకి ముందు సిస్‌ప్లాటిన్‌తో కూడిన రేడియేషన్.

వేరే మందులు ప్రయత్నించలేదా?

చాలా ప్రయత్నించారు. 1999లో వెలువడిన అమెరికా పరిశోధనలో బ్లియోమైసిన్, మెథోట్రెక్సేట్, సిస్‌ప్లాటిన్ కలిపి 40 మందికి ఇచ్చారు. 32.5 శాతం మందికి గడ్డలు తగ్గాయి, ఐదుగురు మందుల వల్లే చనిపోయారు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. బీడీలు తాగిన ఊపిరితిత్తులైతే మరీనూ. ఇవాళ ఎవరైనా మీకు బ్లియోమైసిన్ రాస్తే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ జంట ఇంకా వాడకంలో ఉంది. 25 మంది అనుభవంలో మూడో వంతుకి దగ్గరగా మేలు కనిపించింది. ఫ్లోరోయురాసిల్ నాలుగు రోజులు ఆగకుండా ఎక్కాలి. మొదటి విడతలోనే నోరంతా పూసి, విరేచనాలు ఆగకపోతే ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ ఒంట్లో తక్కువుందేమో చూడాలి. డోసెటాక్సెల్‌ని కూడా చేర్చి మూడు మందులుగా బ్రిటన్‌లో ఇచ్చి చూస్తే 38.5 శాతం మందికి తగ్గింది, కానీ మూడింట రెండు వంతుల మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. పరిశోధకులే దాన్ని సిఫారసు చేయలేదు. టిప్ తర్వాత తిరగబెట్టినవాళ్లకి ఏ మందూ పెద్దగా నిలబడలేదు.

ఇమ్యూనోథెరపీతో (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులతో) నయమవుతుందని యూట్యూబ్‌లో చూశాం. పొలం అమ్మమంటారా?

అమ్మొద్దు. అటెజోలిజుమాబ్ మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో ప్రతి ఆరుగురిలో ఒకరికి మాత్రమే గడ్డలు తగ్గాయి. బ్రెజిల్‌లో హెర్క్యులిస్ అనే పరీక్షలో పెంబ్రోలిజుమాబ్‌ని కీమోతో కలిపి, ముదిరిన జబ్బున్న 33 మందికి ఇస్తే 39.4 శాతం మందికి తగ్గాయి. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆశ కలిగించేవే, కానీ పక్కన కీమో మాత్రమే ఇచ్చిన గుంపు లేదు. అంటే ఆ మేలులో ఇమ్యూనోథెరపీ వాటా ఎంతో చెప్పలేం.

ఆపరేషన్ ముందే అయిపోయింది, గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించింది. ఇప్పుడు కీమో?

రెండు మూడు గ్రంథుల్లో ఉన్నా, గ్రంథి పొర చీల్చుకుని బయటికి వచ్చినా కీమోనో, రేడియేషనో, రెండూనో ఇస్తారు. కుట్లు మానాకే ఇవ్వగలరు. గజ్జ గాయం మానడం ఆలస్యం, నీరు చేరడం మామూలు. ఆపరేషన్‌కి ముందు కీమో మేలనడానికి ఇదీ ఒక కారణమే.

ఎక్కడికి వెళ్లాలి? కార్డు పనిచేస్తుందా?

కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉన్నాయి. రాయగడ, కొరాపుట్ వాళ్లకి విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి రైలు మార్గంలో దగ్గర. అది టాటా మెమోరియల్ కిందిదే. ఏ వైద్యం ఎలా చేయాలో పెద్ద ఆసుపత్రిలో నిర్ణయించుకుని, కొన్ని రకాల కీమోను ఒడిశా జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లో ఉచితంగా ఎక్కించుకునే ఏర్పాటు ఉంది. టిప్ మొదటి విడత మాత్రం పెద్ద ఆసుపత్రిలో, పడక మీద ఉండి చేయించుకోవడమే క్షేమం.

2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలోనూ ఆయుష్మాన్ భారత్ అమలవుతోంది. కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా, పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. బయల్దేరే ముందే ఆ ఆసుపత్రి ఆరోగ్య మిత్రకి (పథకం పనులు చూసే ఉద్యోగికి) ఫోన్ చేసి, ఆధార్‌లోనూ కార్డులోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒకదాంట్లో ఒడియా పలుకుబడిలో, మరోదాంట్లో తెలుగు పలుకుబడిలో ఇంటిపేరు పడి కౌంటర్ దగ్గర ఆగిపోయే కేసులు మన వైపు మామూలు. బయాప్సీ మైనపు దిమ్మ, స్లైడ్లు కూడా వెంట తీసుకెళ్లాలి, ఒట్టి రిపోర్టు సరిపోదు.

భార్యకి అంటుకుంటుందా? పిల్లలు కలుగుతారా?

క్యాన్సర్ అంటుకోదు. హెచ్‌పీవీ వైరస్ ఇద్దరిలో ఉండే అవకాశం ఉంది కాబట్టి భార్యకి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించాలి. కీమో రోజుల్లో కలిస్తే కండోమ్ తప్పనిసరి. పిల్లలు కావాలనుకునే వయసైతే మొదటి విడతకి ముందే వీర్యం భద్రపరచుకోవాలి. ఐఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్ పడ్డాక ఆ అవకాశం తగ్గిపోతుంది.

పరిశోధనలో చేరమంటున్నారు. ప్రయోగాలు చేస్తారేమో?

మన దేశంలో జరిగే ప్రతి ఔషధ పరీక్షా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. నంబరు అడగండి. పరీక్షలో ఉన్న మందుకు డబ్బు తీసుకోకూడదు. ఎప్పుడు మానేస్తామన్నా మామూలు వైద్యం ఆపకూడదు. అంగీకార పత్రం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. ఒడియా చదవలేనివాళ్లు తెలుగు ప్రతి అడగొచ్చు, చదవడమే రానివాళ్లకి ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. ఆ ప్రతి ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.